మన ప్రకృతి పరిశీలన సంఘం, కడప: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు వేరే చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

నెలవారీ ఉపన్యాసాలు మే ఎండల్లో తప్ప ఆగలేదు. హాలు ఇచ్చిన హైస్కూలు హెడ్మాస్టరు గారికి, ప్రతి నెలా కుర్చీలు వేసి, అందరూ వెళ్ళాక తాళం వేసి వెళ్ళిన అటెండరు అన్నకు ముందుగా కృతజ్ఞతలు. జులైలో పెట్టిన పాముల కార్యక్రమానికి హాలు చాలక జనం వరండాలో నిలబడ్డారు. శెనగచేలల్లో పనిచేసే కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాయి. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరి. ఆస్పత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపే తయారవుతుంది. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళాల్సిన పని లేదు. కట్టు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, మంత్రగాడి కోసం గంటలు పోగొట్టొద్దు, కరిచిన కాలిని కదలనీయకుండా 108కి ఫోన్ చేయండి అని మన ఉపాధ్యక్షులు సార్ విడమరచి చెప్పారు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి అంతగా తెలియదు కాబట్టి తెల్లారేసరికి ప్రమాదం ముదిరిపోతుంది. మంచం, దోమతెర ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చన్న మాట విని ఆడవాళ్ళు ఎన్నో ప్రశ్నలు అడిగారు. నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ పాముకాటు కేసులను తప్పనిసరిగా నమోదయ్యేలా చూడమని రాష్ట్రాలకు రాసింది. మనం జులైలో ఎత్తుకున్న పని ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాల్లో స్కూళ్ళకు వెళ్ళాం. పంజరంలో రామచిలుకను పెంచడం చట్టప్రకారం నేరమని, 2018 నుంచి అది మన రాష్ట్ర పక్షి అని చెబితే పిల్లలకంటే టీచర్లే ఎక్కువ ఆశ్చర్యపోయారు. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకం మన ఊళ్ళో ఇంకా గట్టిగా ఉంది. ఆ ప్రాణి ఇప్పుడు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. ఈ మాట విన్న ఒక పాప ఇంటికెళ్ళి పట్టుబట్టడంతో, ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి పెంచుకుంటున్న తాబేలును తెచ్చి అటవీ సిబ్బందికి అప్పగించారు. ఆ పాపను ఈ సమావేశంలో సన్మానించాలని కార్యవర్గం తీర్మానించింది.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన పని, జనవరిలో సంక్రాంతి వెళ్ళాక లంకమల అడవి అంచున ఒక పల్లెలో, కలివికోడి అనే అరుదైన పిట్ట గురించి జరిపిన సభ.

1848లో జెర్డన్ అనే వైద్యుడి వల్ల ఈ పిట్ట శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ జాడ లేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రి బ్యాటరీ లైటు వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ఇక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ గారు ఆ పిట్ట ఇదేనని తేల్చారు. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఇంత చరిత్ర మన జిల్లాలో జరిగింది. అయినా కడప టౌనులో చదువుకున్నవాళ్ళని అడిగితే పదిమందిలో ఇద్దరు కూడా చెప్పలేరు. ఆ చిట్టడవిలో మేకలు తోలే మనిషికి మాత్రం అక్కడి ప్రతి పొద తెలుసు. అందుకే ఈసారి సభను టౌన్లో కాకుండా పల్లెలో పెట్టాలని నిర్ణయించాం.

అటవీ ప్రాంగణంలో పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ అక్టోబరులోనే అర్జీ ఇచ్చాం. సంబంధిత కార్యాలయం చుట్టూ తిరిగాం. ఫైలు టేబుల్ మీద ఉంది, సార్ క్యాంపులో ఉన్నారు అన్న జవాబే తప్ప కాగితం చేతికి రాలేదు. అడవిని కాపాడదామని వచ్చిన వాళ్ళని గుమ్మం ముందు నిలబెట్టడం ఎవరికి మేలు? చివరికి ఊరి పెద్దలు రామాలయం ముందు స్థలం ఇచ్చారు, కరెంటు ఇచ్చారు, వచ్చినవాళ్ళందరికీ ఉగ్గాని చేసిపెట్టారు. ఆ ఊరికి మన సంఘం రుణపడి ఉంది. డ్యూటీ అయ్యాక సొంతంగా వచ్చి చివరిదాకా కూర్చున్న అటవీ బీటు సిబ్బందికి కూడా కృతజ్ఞతలు.

చీకటి పడ్డాక గోడకు తెల్లపంచె కట్టి బొమ్మలు చూపించాం. జానెడు దాటిన పిట్ట, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటి మీద తెల్లని గీత, రాత్రి తిరగడానికి తగ్గ పెద్ద కళ్ళు. పొద్దు గూకిన ముప్పావు గంటకు పిలవడం మొదలుపెట్టి కాసేపటికే ఆపేస్తుంది. ఆ పిలుపు రికార్డింగును ఊళ్ళోనే వినిపించాం. అడవిలో వినిపిస్తే నిజంగా ఉన్న పిట్ట కంగారుపడుతుంది కాబట్టి ఆ పని ఎవరూ చేయొద్దని గట్టిగా చెప్పాం. వెనకవరసలో ఒక పెద్దాయన లేచి "ఇంగోసారి ఎయ్యి నాయనా" అన్నాడు. మళ్ళీ వేశాం. చిన్నప్పుడు మందతో పడుకున్నప్పుడు ఈ కూత విన్నానని, ఈ మధ్య వినలేదని చెప్పాడు. దీన్ని ఆధారమని నేను అనను. కానీ ఆయన చెప్పిన కోన, కాలువ, పొదల వివరాలన్నీ రాసుకున్నాం.

ఆ రాత్రి అందరికంటే ఎక్కువ మాట్లాడింది కాపరులే. ఈ పిట్టకు కావాల్సింది దట్టమైన అడవి కాదు. కలివి, రేగు, చండ్ర పొదలు అక్కడక్కడా ఉండి, మధ్యలో ఖాళీ నేల ఉండాలి. ఓ మోస్తరుగా మేకలు మేస్తేనే ఆ ఖాళీ నిలుస్తుంది. మేపు పూర్తిగా ఆగితే పొదలు మూసుకుపోతాయి. పొదలు నరికి చదును చేస్తే పిట్టకు చోటే ఉండదు. ఇది పరిశోధకులు చెప్పిన సంగతే. "అడవి పాడుచేసేది మీరే" అని ఇన్నాళ్ళూ మాట పడ్డ కాపరులకు, కాపాడడంలో మీ పాత్ర ఉందని మొదటిసారి ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పినట్టయింది. పిట్ట కనిపిస్తే పట్టుకోవద్దు, చోటు, వేళ గుర్తుపెట్టుకుని చెప్పండి అని అడిగాం. కుర్రాళ్ళు ముందుకొచ్చి పేర్లు ఇచ్చారు.

ఇంత మంచి కార్యక్రమానికి మాట్లాడిన వ్యాను సగం ఖాళీగా వెళ్ళిందని చెప్పడానికి బాధగా ఉంది. శివరాత్రి మరునాడు నిత్యపూజకోన దారిలో ప్లాస్టిక్ ఏరే పనికీ ఇదే జరిగింది. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి, తెల్లవారుజామున బస్టాండు దగ్గర మాత్రం మనుషులు లేరు. వచ్చిన కొద్దిమంది, వాళ్ళతో వచ్చిన డిగ్రీ విద్యార్థినులు నీళ్ళ ప్యాకెట్లు, ప్లేట్లు గోతాలకు గోతాలు మోశారు. ఫొటో దిగేటప్పుడు వచ్చి, పని మొదలయ్యేటప్పుడు వెళ్ళిపోయే సభ్యత్వం సంఘానికి అక్కర్లేదు. ఈ మాట కటువుగా ఉన్నా మార్చను.

ఫిబ్రవరి 14 నుంచి 17 వరకు జరిగిన పక్షుల లెక్కింపులో కడప చెరువు దగ్గర పాల్గొన్నాం. నీటికాకులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు కనిపించాయి. జాబితాలు పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించాం. చెరువులో చెత్త పోయడం గురించి ఇచ్చిన వినతిపత్రానికి ఇంకా జవాబు రాలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచుతారు. వ్యాను అద్దె, స్పీకరు మరమ్మతు తప్ప పెద్ద ఖర్చులు లేవు, అప్పు లేదు. చందా బకాయిలు మాత్రం చాలా ఉన్నాయి.

సొంత ప్రొజెక్టరును ఏడాదంతా ఇచ్చిన లెక్చరర్ మేడంకు, కరపత్రాలు కాగితం ఖర్చుకే వేసిన ప్రెస్ వారికి, అర్ధరాత్రి ఇంట్లో పాము దూరిందని ఫోన్ వస్తే విసుక్కోకుండా వెళ్ళిన మన కుర్రాళ్ళకు, ఉపన్యాసాలకు టీ పెట్టిన అక్కలకు, వార్తలు వేసిన విలేకరులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది కాపరుల సభలు లంకమల చుట్టూ ఉన్న మరికొన్ని పల్లెల్లో పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికి సమావేశం ఆమోదం కావాలి. రాత్రిపూట పల్లెకు రాగలిగిన వాళ్ళే పేర్లు ఇవ్వండి. నమోదు పుస్తకం సమావేశంలో నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి