అండమాన్ వెళ్తున్న అమ్మాయికి

విజయవాడ

చిన్నితల్లీ,

డిసెంబరులో నువ్వూ అల్లుడుగారూ అండమాన్ వెళ్తున్నారని నాన్నగారు చెప్పారు. అప్పటి నుంచీ నా మనసంతా అక్కడే ఉంది. ఫోనులో చెబితే సగం మర్చిపోతానని ఉత్తరమే రాస్తున్నా. సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్ ఎవరైనా చూపిస్తారు. నేను చెప్పేదంతా స్నార్కెలింగ్ గురించి, అంటే ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలో ముఖం పెట్టి చూడాల్సిన వాటి గురించి.

ఒక్కచోటికే వెళ్లే వీలుంటే మాత్రం జాలీ బాయ్ దీవికే వెళ్లండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురంలే, కారులో వండూరు జెట్టీకి వెళ్లి అక్కడ బోటెక్కాలి. అదంతా 1983లో పెట్టిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు. అటవీశాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, వారంలో సెలవు ఎప్పుడో కూడా అప్పుడే కనుక్కోండి. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవుల్ని ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ఒకదాంట్లో జనం తిరుగుతుంటే రెండోది తేరుకుంటుంది. మీరు వెళ్లేది జాలీ బాయ్ వంతులో. దీవి మీద ఇళ్లు లేవు, కొట్లు లేవు, ప్లాస్టిక్ కవరు కూడా రానివ్వరు. మన చిన్న స్టీలు క్యారేజీ ఇస్తాను, తినేవి అందులో పెట్టుకెళ్లండి.

నీకు ఈత అంతంతమాత్రమని టెన్షన్ పడకు. నాకసలు రాదు. లైఫ్ జాకెట్ వేసి, నీళ్ల మీద తేలే ట్యూబు పట్టుకోమని, గైడే లాక్కెళ్తాడు. మనం బోర్లా పడుకుని కిందికి చూడటమే. కృష్ణలో మునిగితే మన చెయ్యి మనకే కనపడదు కదా, అక్కడ అడుగున ఇసుక మీద చేప నీడ కూడా కనిపిస్తుంది. తల ముంచగానే కటకటమని చప్పుడు వినిపిస్తుంది, భయపడొద్దు. చిలకముక్కులాంటి నోరున్న ప్యారట్ ఫిష్‌లు పగడపు రాళ్లను కొరికే చప్పుడూ అందులో ఉంటుంది. రాళ్ల మీది నాచు తిని, రాతిపొడిని ఇసుకగా వదిలేస్తాయి. అక్కడి తెల్ల ఇసుకలో కొంత అలా వచ్చిందే. పగడాల మధ్య ఇరుక్కుని పెద్ద ఆల్చిప్పలుంటాయి, వాటి అంచులు నీలంగా, మెత్తటి మఖమల్‌లా ఉంటాయి. మన నీడ పడితే చాలు, ముడుచుకుపోతాయి. కాసేపు కదలకుండా తేలితే మళ్లీ మెల్లగా తెరుచుకుంటాయి. అది చూడకుండా రావద్దు.

మన సూర్యలంకలో, హంసలదీవిలో ఇవెందుకుండవంటే నదులు తెచ్చే ఒండ్రు వల్ల. పగడాలూ ప్రాణులే. వాటి ఒంట్లో ఉండే సన్నటి నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. నీళ్లు బురదైతే ఎండ దిగదు, పైగా మట్టి మీద పడి ఊపిరాడదు. సముద్రం మరీ వేడెక్కినా ఆ నాచు పోయి తెల్లబడతాయి. 2010లో, 2016లో అండమాన్‌లో అలాగే చాలా పగడాలు దెబ్బతిన్నాయి. గుండ్రాయిలా పెరిగే రకం ఏడాదికి సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. నడుమెత్తు గుండు కనపడితే అది మీ తాతమ్మ కంటే పెద్దదనుకో. అలసిపోయి దాని మీద కాలు పెట్టి నిలబడేవాళ్లను చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. అలసిపోతే ట్యూబు పట్టుకో, కాళ్లు మాత్రం కిందికి దించకు. ముల్లుచేపలూ అక్కడే దాక్కుంటాయి. సన్‌స్క్రీన్ బదులు ఫుల్ హ్యాండ్స్ స్విమ్ డ్రెస్ వేసుకో. ఒడ్డున పడున్న చచ్చిన పగడపు ముక్క కూడా తీసుకురావద్దు, చట్టం ఒప్పుకోదు.

హేవ్‌లాక్‌లో, అదే స్వరాజ్ ద్వీప్‌లో, ఎలిఫెంట్ బీచ్ బాగుంటుంది కానీ పొద్దెక్కితే జెట్ స్కీల గోల. మొదటి బోటుకే వెళ్లండి. నీల్ దీవిలో ఆటుపోట్ల టైము హోటల్లో అడగండి. పోటు మీద భరత్‌పూర్ బీచ్‌లో దిగండి, ఆటు మీద లక్ష్మణ్‌పూర్ రాతివంతెన దగ్గరికి వెళ్తే గుంటల్లో చేపలు కనిపిస్తాయి. ఆటు మీద భరత్‌పూర్ వెళ్తే నీళ్లు మోకాళ్లు దాటవు. నార్త్ బే పాత 20 రూపాయల నోటు మీద ఉందని అందరూ వెళ్తారు. టైము లేకపోతే వదిలేయండి. మడ అడవులు, కాలువలు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. బోర్డు ఉన్నచోట నీళ్లలో కాలు కూడా పెట్టొద్దు. అక్కడ శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, సందేహం వస్తే తెలుగులోనే అడుగు.

మాస్కు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. తాడు వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు, చేతులు వదిలినా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి, జడ గట్టిగా వేసుకో. అల్లుడుగారి మీసం దగ్గర కారొచ్చు, కాస్త వ్యాజిలైన్ రాసుకోమను. నీ కళ్లజోడు పవర్‌కు సరిపడే అద్దాల మాస్కులు దొరుకుతాయట, అక్కడ అద్దెకిచ్చేవాటిలో ఉంటాయన్న నమ్మకం లేదు. నీ పవర్ ఎంతో ఫోన్ చేసి చెప్పు, నాన్నగారు తెప్పిస్తామన్నారు. దసరాకి వచ్చినప్పుడు ఇక్కడే స్విమ్మింగ్ పూల్‌లో పెట్టుకుని, నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకుందువుగాని.

ఆశీస్సులతో,
అమ్మ