పాత గిటార్‌కు రంగు వేసే ముందు లోపల చూడండి

సంపాదకునికి,

విశాఖలో చర్చిల్లోనూ ఒకనాటి ఆర్కెస్ట్రా కళాకారుల ఇళ్లలోనూ పాత ఎలక్ట్రిక్ గిటార్లు ఇంకా ఉన్నాయి. బాగుచేయమని ఇస్తే చాలాచోట్ల ముందు రంగు కొట్టి, ఆపైన లోపలి సామానంతా మార్చేస్తున్నారు. గిటార్ ఎక్కడ, ఎప్పుడు తయారైందో చెప్పే ఆనవాళ్లు ఆ సామాను మీదే ఉంటాయి. అవి చెత్తలోకి పోతున్నాయన్నదే మా బాధ.

గిటార్ తల మీది పేరు చూసి అది తయారైన ఊరు చెప్పలేం. 1960, 70లలో జపాన్ ఫ్యాక్టరీలు కొనేవాళ్లు కోరిన పేరు వేసి ఎగుమతి చేసేవి. మత్సుమోతో నగరంలోని మత్సుమోకు ఫ్యాక్టరీ ఒక్కటే ఏరియా, వాంటేజ్, వెస్టోన్ పేర్లతో గిటార్లు తయారుచేసింది. ఐబనేజ్ అనే జపాన్ బ్రాండు గిటార్లకైతే 1975 చివరి నుంచి కొన్నేళ్లు సీరియల్ నంబరే సాక్ష్యం: మొదటి ఇంగ్లిష్ అక్షరం నెల (ఎ అంటే జనవరి), తర్వాతి రెండంకెలు సంవత్సరం. ‘సి77’తో మొదలైతే 1977 మార్చి అన్నమాట.

అమెరికా గిటార్లలో వాల్యూమ్, టోన్ పాట్ల (నాబ్ కింద ఉండి, తిప్పితే నిరోధం మారే భాగాల) వీపు చూడాలి. 1376633 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 33 అంటే ఆ ఏడాది 33వ వారం. అది పాట్ తయారైన తేదీ. పాట్ మార్చనిదైతే గిటార్ అంతకన్నా పాతది కాదు, కొత్తది కావచ్చు. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ 1966లో పెద్దఎత్తున కొన్న పాట్లు తర్వాతి ఏళ్ల గిటార్లలోనూ కనిపిస్తాయి. రెండు పాట్ల మీద చాలా ఎడంగా ఉన్న తేదీలుంటే ఒకటి మార్చారని అనుమానించాలి. అంకెలు టంకం ముద్ద కింద ఉంటే చాకుతో గీకొద్దు. ఎవరూ కదపని టంకం కూడా సాక్ష్యమే, ముందు ఫొటో తీయండి.

మన సముద్రపు గాలికి ముందు దెబ్బతినేది పికప్, అంటే గిటార్ తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్ట ఉన్న భాగం. దాని వేడి తీగను (సిగ్నల్ తెచ్చే తీగను) పాట్ నుంచి విడదీసి మల్టీమీటర్ పెట్టండి. విడదీయకపోతే పాట్ల నిరోధం కూడా కలిసి రీడింగ్ తప్పుతుంది. ఒకే చుట్ట ఉన్న పికప్‌కు, అంటే సింగిల్ కాయిల్‌కు, సాధారణంగా 5 నుంచి 8 కిలో ఓమ్‌లు రావాలి. రీడింగే రాకపోతే చుట్ట తెగినట్టు. సుమారు 0.06 మిల్లీమీటర్ల రాగితీగ కాబట్టి టంకం దగ్గర చిలుము పట్టినా చాలు, తెగుతుంది. బయటి కొస తెగితే ఒక చుట్టు విప్పి మళ్లీ అంటించవచ్చు. లోపలి కొస తెగితే మళ్లీ చుట్టించాలి, అప్పుడు కూడా పాత బాబిన్, అయస్కాంతం అలాగే ఉంచాలి.

గరగర వినిపిస్తే పాట్‌లో కిరోసిన్ పోయొద్దు. గ్రీజు కొట్టుకుపోయి ఇరుసు వదులైపోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాతికసార్లు తిప్పితే చాలావరకు పోతుంది. మార్చక తప్పకపోతే సింగిల్ కాయిల్‌కు 250, రెండు చుట్టలుండే హంబకర్ పికప్‌కు 500 కిలో ఓమ్‌లవి వేయాలి. జపాన్ పాట్ ఇరుసు 6 మిల్లీమీటర్లు, అమెరికాది 6.35. పాత నాబ్ బలవంతంగా దిగ్గొడితే పగులుతుంది.

రిపేరు దుకాణాలవారికి మా విన్నపం ఒక్కటే. విప్పిన ప్రతి భాగాన్నీ కవర్లో వేసి, మార్చిన తేదీ రాసి, గిటార్‌తోపాటే యజమానికి ఇవ్వండి.

– పాత వాద్యాలు బాగుచేసేవారు,
విశాఖపట్నం