బూజు పేరు చెప్పి భయపెట్టడం తగదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నల్ల బూజుతో తయారవుతుంది కనుక విషమేనంటూ వచ్చిన కథనం చదివి మా వీధిలో కొందరు ఇంట్లో ఉన్న పొడిని తీసి పారబోశారు. "నల్ల బూజు విషం" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసే ముందు మీ విలేకరి రసాయనశాస్త్రం తెలిసిన ఒక్కరినైనా అడగవలసింది.

ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే ఆ నల్ల బూజు చక్కెర నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని సమృద్ధిగా ఇస్తుందని 1917లో జేమ్స్ కర్రీ నిరూపించారు. 1919లో ఫైజర్ సంస్థ అమెరికాలో ఆ పద్ధతిన ఉత్పత్తి ప్రారంభించింది. ఇప్పుడు ప్రపంచమంతటా వాడే సిట్రిక్ ఆమ్లంలో అత్యధిక భాగం ఇలా వచ్చేదే. పులిసిన ద్రవాన్ని వడగట్టి, సున్నం కలిపి కాల్షియం సిట్రేట్‌గా వేరుచేసి, దానికి గంధకామ్లం చేర్చి, చివరకు స్ఫటికాలుగా శుద్ధి చేస్తారు. ఈ జాతి బూజుల్లో విషపదార్థాలను తయారుచేసే రకాలూ ఉన్న మాట నిజమే కనుక, పరీక్షించి ఎంచిన రకాలనే వాడతారు. ఈ తేడా చెప్పకుండా పాఠకులను బెదరగొట్టడం పత్రికా ధర్మం కాదు.

మా ప్రాంతానికి పనికివచ్చే సంగతిని కూడా ఆ కథనం తాకలేదు. పెద్ద కర్మాగారాలు ద్రవంలో బూజును పెంచుతాయి. ఘనస్థితి కిణ్వనంలో, అంటే ద్రవంలో కాక తడి ఘనపదార్థం మీదనే పులియబెట్టే పద్ధతిలో అయితే, పిండి తీయగా మిగిలిన పిప్పిని తడిపి ఉడికించి దాని మీదనే పెంచవచ్చు. నూటికి 65 నుంచి 70 వంతుల తేమ, దాదాపు 30 డిగ్రీల వేడి, గాలి, కొద్ది రోజుల గడువు ఉంటే చాలు. ద్రవంలో బాధించే లోహాల మాలిన్యం ఇక్కడ అంతగా బాధించదు. కష్టమల్లా వేడితోనే. బూజు పెరిగేకొద్దీ తానే వేడి పుట్టిస్తుంది, పిప్పిని మందంగా పరిస్తే ఆ వేడి బయటికి పోక లోపలి పొరలో బూజు చస్తుంది. అందుకే తట్టల్లో పలుచగా పరచి గాలి ఆడనిస్తారు. జపాన్‌లో గోధుమ తవుడు మీద, చిలగడదుంప పిప్పి మీద ఈ పని ఏనాడో చేసి చూపారు.

సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుల్లో మిగిలే కర్రపెండలం పిప్పిలో, ఎండబెట్టి తూచితే, సుమారు సగం పిండి పదార్థమే. దాన్ని చౌకగా దాణాకు అమ్ముతున్నారు, వానలు పట్టినప్పుడు ఎండక కుళ్ళిపోతోంది. తిరువనంతపురంలోని జాతీయ ప్రయోగశాలలో ఈ పిప్పిపైనే ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. ఆ జ్ఞానాన్ని మిల్లుల వద్దకు తేవలసిన అధికారులు వేదికల మీద "వ్యర్థం నుంచి సంపద" అని ఉపన్యాసాలిచ్చి వెళ్ళిపోతారు. చిన్న నమూనా కేంద్రం గురించి అడిగితే మాత్రం ఒక శాఖ మరో శాఖను చూపిస్తుంది. ఇంకెన్నాళ్ళు అడగాలి?

మీరు సవరణను అంతే పెద్ద అక్షరాలతో ప్రచురించాలనీ, మిల్లుల పిప్పి విషయమై పరిశ్రమల శాఖ చేత సమాధానం చెప్పించాలనీ కోరుతున్నాను.

— విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, పెద్దాపురం