పరుపు లోపల ఏముందో చెప్పండి చాలు

ఎడిటర్ గారికి నమస్కారం. పెళ్లిళ్ల సీజనొస్తే మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల పరుపుల కోసం తిరిగేవాళ్లు ఎక్కువే, కానీ అడిగినదానికి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. "ఇది ఆర్థో అండి, నడుం నొప్పికి మంచిది" అంటారు, మరి లోపల ఏటుందండీ అంటే పైన గుడ్డ నొక్కి చూపిస్తారు! ఆర్థో అన్నది కంపెనీ పెట్టుకున్న పేరే గానీ డాక్టరిచ్చిన సర్టిఫికెట్ కాదు కదా.

మాకు కావాల్సింది డెన్సిటీ. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలుంటుందని అర్థం, అది గట్టితనం లెక్క కాదు, మెత్తటి ఫోమ్‌కి కూడా డెన్సిటీ ఎక్కువుండొచ్చు, తక్కువైతే మాత్రం తొందరగా కుంగిపోద్ది. ఆరంగుళాల పరుపులో కొబ్బరి పీచెంత, రీబాండెడ్ (ఫోమ్ ముక్కలు కలిపి అతికించి నొక్కింది) ఎంత, మామూలు ఫోమ్ ఎంత అన్నది కూడా పొర పొరకీ లేబుల్ మీద వెయ్యాలి. మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు నెమ్మదిగా కుంగే ఫోమ్) అయితే వేడి పట్టుకుంటుంది, మా సముద్రపు ఉక్కపోతలో ఆ మాట ముందే చెప్పాలి.

వారంటీ పదేళ్లని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇన్ని మిల్లీమీటర్లు కుంగితేనే అని, మరకుంటే చెల్లదని. పిల్లలున్న ఇంట్లో మరక పడకుండా ఉంటుందా ఎక్కడైనా?

ఇంకోటి, వడ్రంగి చేసిన మంచాలకి 72, 75, 78 అంగుళాల పొడవుల్లో ఏది పడుతుందో లోపలి కొలత తీసుకుని వెళ్లండి. బిల్లు మీద మోడలూ డెన్సిటీ రాయించుకోండి, రేపు గొడవై 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పనికొచ్చేది ఆ కాగితమే.

- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం