19కీ 20కీ మధ్య నా చెవులు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను సైన్యంలో ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) 24 ఏళ్లు పనిచేసి 2019లో హవల్దార్‌గా రిటైరయ్యాను. 1999లో కార్గిల్‌లో మేం రాత్రీ పగలూ బోఫోర్స్ గన్లు పేల్చాం. చెవుల్లో దూది కుక్కుకునేవాళ్లం. ఒక రౌండు హోరు తగ్గకముందే ఇంకో రౌండు. అప్పుడు మొదలైన గుయ్ మనే చప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నప్పుడూ ఉంది.

రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డు నా వినికిడి లోపాన్ని 15 నుంచి 19 శాతం అని రాసింది. పెన్షన్‌లో డిజెబిలిటీ (వైకల్యం) భాగం రావాలంటే కనీసం 20 ఉండాలి. మా బ్యాచ్‌లోనే ఒకతనికి 20 వేశారు. 20 నుంచి 50 లోపు ఎంత ఉన్నా అప్పట్లో 50గానే లెక్కకట్టేవారు. ఇది వైకల్యంతో మధ్యలో బయటికొచ్చినవాళ్లకే కాదు, మామూలుగా రిటైరైనవాళ్లకూ వర్తిస్తుందని 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా అతనికి 50, నాకు సున్నా. గుంటూరు శంకర్ విలాస్ సెంటర్‌లో హారన్ ఏ వైపు నుంచి వస్తోందో మా ఇద్దరికీ తెలియదు.

తెనాలి దగ్గర ఇంకో మిత్రుడున్నాడు. ఫైరింగ్ రేంజిలో ఇనుప ముక్క తగిలి ఒక కంటి చూపు పోయింది. అతనికి పెన్షన్ సరిగ్గానే వస్తోంది, రావాలి కూడా. ఆ దెబ్బకు తేదీ ఉంది, ఇంజురీ రిపోర్టు ఉంది, సాక్షులున్నారు. నా చెవులకు ఏ తేదీ రాయాలి? చెవుడు ఒక్కరోజులో రాదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. ఆడవాళ్ల, పిల్లల మాటల్లో స, శ వినపడవు. మా అమ్మాయి ఫోన్‌లో ఒకే మాట మూడుసార్లు చెప్పి, చివరికి మెసేజ్ పెడుతుంది. సర్వీసులో ఉండగా ఈ సంగతి బయటపెడితే మెడికల్ కేటగిరీ (ఆరోగ్య శ్రేణి) తగ్గి ప్రమోషన్ పోతుందని నేను నోరు మెదపలేదు. నాలా దాచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

పెన్షన్ కుదరదని వచ్చిన ఇంగ్లిష్ లేఖను బీరువాలో పడేశాను. 6 నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చని దాని చివర్లో ఉందట. గడువు దాటాక వేరొకరు చదివి చెప్పారు.

గన్ల దగ్గర పనిచేసే ప్రతి జవానుకూ ఏటా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీసి, కాపీ అతని చేతికివ్వాలని రక్షణ శాఖను కోరుతున్నాను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు కొత్తగా రిటైరైనవారిని పిలిచి, బోర్డు కాగితాలను తెలుగులో చదివి చెప్పాలి. ఇప్పుడు సర్వీసులో ఉన్న మన జిల్లా పిల్లలారా, చెవిలో హోరు ఉంటే రేపే వెళ్లి రాయించుకోండి. ఆ కాగితం మీ అమ్మ చేతికిచ్చి దాచమనండి.

– ఒక మాజీ హవల్దార్, పట్టాభిపురం, గుంటూరు