కోటు కాదు సార్, చేతిరాత కనిపించాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ములుగు జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్ గణితం టీచర్‌ని. ఆన్‌లైన్ పాఠాల రికార్డింగ్ గురించి ఈ మనవి.

పదో తరగతి పాఠం చెప్పడానికి నన్నూ ఒకసారి స్టూడియోకి పిలిచారు. లైట్లు, మేకప్, అరువు కోటు అన్నీ ఉన్నాయి. రాసుకోవడానికి బోర్డు మాత్రం లేదు. లెక్కలన్నీ స్లైడ్ల మీద టైపు చేసి పెట్టారు, అరగంటలో చదివేసి చాప్టర్ అవగొట్టమన్నారు.

ఉదాహరణకు, ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6ఎక్స్ ఈక్వల్ టు 7. వర్గం పూర్తి చేసే పద్ధతిలో రెండు వైపులా 9 కలపాలి. స్లైడ్ మీద ఆ 9 టక్కున వచ్చి కూర్చుంటుంది, పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. 6లో సగం 3, దాని వర్గం 9 అని పక్కన రఫ్‌గా రాసి, ‘సగమే ఎందుకు?’ అని అడిగి కాసేపు ఆగాలి. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్‌ను విప్పి చూపిస్తే అప్పుడు ఎక్కుతుంది. జవాబు 1 రాగానే సంబరపడి రెండో జవాబు మైనస్ 7ని వదిలేసేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. ఆ తప్పునూ వీడియోలో చేసి, దిద్ది చూపాలి.

ఇది నా చాదస్తం కాదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను లెక్కగట్టి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వీడియో ఎంత పొడవున్నా, చూసే సమయం మధ్యగతం (మీడియన్) 6 నిమిషాలు దాటలేదట. స్లైడ్ల కన్నా చేత్తో రాస్తూ చెప్పినవే ఎక్కువసేపు చూశారట.

కాబట్టి పెద్ద స్టూడియో అక్కర్లేదు. హనుమకొండ డైట్‌లో (టీచర్ల శిక్షణ సంస్థ) ఒక గది, పెన్ టాబ్లెట్ (పెన్నుతో రాస్తే కంప్యూటర్ తెర మీద కనిపించే పలక), కాలర్ మైక్ ఇప్పించండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం కట్టేస్తారు. అందుకే ఫ్యాన్ ఆపి రికార్డు చేయాలి (ఏప్రిల్‌లో అది శిక్షే అనుకోండి). ఆరు నిమిషాల పాఠానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఆన్ డ్యూటీ ఇవ్వాలి, సెలవు పెట్టుకుని రమ్మంటే తూతూమంత్రంగానే తయారవుతుంది. కాజీపేటలోనే ఎన్‌ఐటీ ఉంది, టెక్నికల్ సాయం అడగవచ్చు.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలియనిది కాదు. నల్ల తెర మీద చేతిరాత వీడియోకు ఎంబీలు తక్కువ పడతాయి. పెన్‌డ్రైవ్‌లో పంపితే బడిలో ఉన్న ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) మీద నెట్ లేకుండానే చూపిస్తాం.

జూన్‌లో బడులు తెరిచేలోపు వర్గ సమీకరణాల చాప్టర్ ఒక్కటి ఇలా తీయించి చూడండి సార్. పనికిరాదనిపిస్తే అక్కడే ఆపేయండి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
ములుగు జిల్లా