ఉత్తర్వును ఫొటో తీసి పంపకండి: ఐటీ మంత్రిగారికి కడప నుంచి ఒక లేఖ

రాష్ట్ర ఐటీ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

కడప ఏడురోడ్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. పెళ్లి కార్డులు, అర్జీలు, అఫిడవిట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఏదొస్తే అది చేస్తాం. పోయిన నెల చూపులేని ఒక మాస్టారు ఫోన్ పట్టుకొని వచ్చారు. వాట్సాప్‌లో ఆయనకు ఒక ఆఫీసు సర్క్యులర్ వచ్చింది, పీడీఎఫ్. ఆయన ఫోన్ తెలుగును చక్కగా చదివి వినిపిస్తుంది. దీని దగ్గర మాత్రం నోరు మెదపలేదు. "ఏం రాసినారు నాయనా ఇందులో, నా బదిలీ సంగతేనా?" అన్నారు. తెరిచి చూస్తే, కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, వంకరగా స్కాన్ చేసిన కాగితం. మన కళ్లకు అవి అక్షరాలు, ఫోనుకు ఉత్త బొమ్మ.

రెండు పేజీలూ నేనే చదివి వినిపించాను. జెరాక్స్ కోసం నిలబడ్డ ఇద్దరు కూడా ఆయన బదిలీ సంగతి విన్నారు.

స్కాన్ చేయనివి ఇంకో రకం. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, పాత డీటీపీ ఫాంటుతో కొట్టినవి. వాటిలో తెలుగు పైకి వేసుకున్న వేషమే, లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కాపీ చేసి వర్డ్‌లో వేస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు, అంటే ఫోనూ కంప్యూటరూ తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతికి, మారిస్తే చాలావరకు కుదురుతుంది గానీ ఒత్తులు ఊడతాయి. ఒక జాబితాలో సుబ్బమ్మ కాస్తా సుబమ అయింది. పెళ్లి కార్డులో అయితే నవ్వుకుంటాం. పొలం కాగితంలో అయితే ఆ ఒత్తుల కోసం ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలి సార్?

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షనే లేదు. అయినా నాకొచ్చే పనిలో అదింకా ఉంది. అబద్ధమెందుకు, పెళ్లి కార్డులు నేనూ ఆ ఫాంట్లతోనే కొడతాను, అచ్చులో అందంగా ఉంటాయి. కార్డులో ఎవరూ పేరు వెతకరు, ఫోనుతో చదివించుకోరు. ఉత్తర్వు అలా కాదు కదా.

అడిగేది ఇంతే. తెలుగు ఉత్తర్వు ఏదైనా యూనికోడ్‌లో టైపు చేయించి, ఆ ఫైలునే నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయించండి. మధ్యలో ప్రింటరూ స్కానరూ వద్దు. సంతకం మాటేమిటంటారా, డిజిటల్ సంతకానికి 2000 నాటి ఐటీ చట్టమే గుర్తింపు ఇచ్చింది. జనం నింపాల్సిన ఫారాలైతే వర్డ్‌లోనూ ఓడీటీ అనే ఫైలు రకంలోనూ పెట్టించండి. ఈ రెండూ తెరిచే లిబ్రెఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా తెరుచుకోవచ్చు. (ఇది నా పొట్ట నేను కొట్టుకోవడమే. ఫొటో పీడీఎఫ్ చూసి మళ్లీ టైపు చేసినందుకు పేజీకి నలభై రూపాయలు తీసుకుంటాను.)

పాత ఫైళ్ల సంగతి కూడా చూడాలి. మా ఊళ్లోనే బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి తాటాకు ప్రతులను కాగితం మీదికి ఎత్తించాడు. ఆకులు పాడయ్యేలోపు చేయించాడు గనుక మిగిలాయి. పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ నా షాపులో ఒక్కటే ఉంది, ఎండాకాలంలో దాని పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి నడుపుతున్నాను. అలాంటివి పనిచేస్తుండగానే, ఒత్తు ఊడితే కనిపెట్టగల తెలుగు టైపిస్టులను కూర్చోబెట్టి మీ ఆఫీసుల ఫైళ్లు మార్పించండి. పిలిస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
కడప నుంచి ఒక డీటీపీ ఆపరేటర్